విలియం కేరీ

ఇంగ్లండు దేశమున నార్తాంప్టన్ మండలములో పాలర్స్‌పరీ యను చిన్న గ్రామము కలదు. 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఆ గ్రామమందలి ఒక సాలెవాని యింట విలియం కేరీ జన్మించెను. తండ్రి ఎడ్మండు మగ్గము నేసి కుటుంబమును పోషించుచుండెను. విలియమునకు ఆరేండ్ల ప్రాయము వచ్చునప్పటికి అతనికి గ్రామపు బడిపంతులు పనియు, దేవాలయమున గుమాస్తా పనియు లభించెను. దానితో ఇల్లు కొంత తేరుకొనెను. సంపద లేకపోయినను ఆ యింట చదువునకు మర్యాద యుండెను.

విలియం చిన్ననాటనే మొక్కలనిన ప్రాణము పెట్టెడివాడు. అతని పినతండ్రి పీటరు కెనడా దేశమునుండి తిరిగివచ్చి తోటపనిచేసి జీవించుచుండెను. ఆయన వెంటనే తిరుగుచు బాలుడు చెట్ల పేర్లను, వాని గుణములను నేర్చుకొనెను. అతని గదినిండ పురుగులు, పక్షులు, ఎండిన ఆకులు ఉండెడివి. ఒకమారు అతడు ఎత్తైన చెట్టునెక్కి జారిపడి మంచము పట్టెననియు, లేచి నడువగలిగిన దినముననే మరల ఆ చెట్టునే ఎక్కెననియు చెప్పుదురు. పట్టినపనిని విడువని స్వభావము అతనికి ఆనాటనే యుండెను.

పొలము పనికి పోవలెనని అతని కోరిక. కాని ఎండ తగిలిన అతని చర్మము మండి పుండ్లు పడుచుండెను. అందుచేత తండ్రి అతనిని నీడపట్టున చేయు వృత్తిలో పెట్టనెంచి, పదునాలుగవ యేట పిడింగ్టన్ గ్రామమున క్లార్క్ నికొల్స్ అను చెప్పులు కుట్టువాని వద్ద పని నేర్చుకొనుటకు కుదిర్చెను. తోటలలో తిరిగిన బాలునికి తోలు, దారము, ఆరె తోడివారైనవి.

ఆ దుకాణమున నికొల్సు పుస్తకములు కొన్ని యుండెను. అందొకటి క్రొత్త నిబంధనకు వ్యాఖ్యానము. దానిలో నడుమ నడుమ వింతయైన అక్షరములు విలియమునకు కనబడెను. అవి గ్రీకు అక్షరములు. అతడు వానిని కాగితముమీద యథాతథముగా దించుకొని, స్వగ్రామమునకు పోయినపుడు చదువుకొని చెడిన ఒక సాలెవానికి చూపి, వాని అర్థమును తెలిసికొనుచుండెను. తరువాత ఎన్నో భాషలు నేర్చినవాని చదువు ఇట్లు చెప్పుల దుకాణమున మొదలయ్యెను.

అతని భక్తియు ఆ దుకాణముననే మొదలయ్యెను. దాని కారణము గొప్పది కాదు, ఒక చెల్లని షిల్లింగు. క్రిస్మసు పండుగకు పనిపిల్లలు ఖాతాదారుల యిండ్లకు పోయి బహుమానములు అడుగుట అచ్చటి వాడుక. ఒక వర్తకుడు విలియం ముందర ఆరు పెన్నీల నాణెమును, పండ్రెండు పెన్నీలు విలువగల షిల్లింగును పెట్టి ఏది కావలెనో తీసికొమ్మనెను. బాలుడు ఆశపడి షిల్లింగును తీసికొనెను. తీరా బజారులో తనకు కావలసిన వస్తువులు కొనబోవునప్పటికి అది ఇత్తడి నాణెమని తేలెను. అతనిచేతిలో యజమాని సొమ్ము కొంత యుండెను. ఆ సొమ్ములోనుండి ఒక మంచి షిల్లింగును తీసి, చెల్లని దానిని అందు కలిపి, అది యజమాని సొమ్ములోనిదే యని చెప్పుటకు నిశ్చయించుకొనెను. దారిపొడుగునను దేవుని ప్రార్థించుచు వచ్చెను. ఈ ఒక్క అబద్ధమును దాటింపుమనియు, ఇకమీదట తప్పుచేయననియు అతని ప్రార్థన! నికొల్సు సంగతి విచారించుటకు మరియొక పనివానిని ఆ వర్తకుని వద్దకు పంపెను. గుట్టు బయటపడెను. విలియం సిగ్గుతో కృంగిపోయి కొన్ని దినములు వీధిలోనికి రాలేకపోయెను. దేవాలయమునకు పోవుటకును వెరచెను.

అంతవరకు అతడు తాను మంచివాడననియు, మతవిషయములు బాగుగా తెలిసినవాడననియు తలంచుచుండెను. అదే దుకాణమున పనిచేయు జాన్ వార్ అను యువకునితో వాదములాడి గెలుచుచుండెను. ఆ షిల్లింగు అతని గర్వమును అణచెను. వాదమున గెలిచినను మనస్సు మారలేదని అతడు గ్రహించెను. వార్ అతనిని ఎగతాళి చేయక పుస్తకములిచ్చి, ప్రార్థనకూటములకు తోడుకొనిపోయెను. క్రీస్తునందలి విశ్వాసము అతనికి కుట్టుపీట వద్ద, తోడిపనివాని స్నేహమువలన లభించెను. 1783 అక్టోబరు 5వ తేదీ ఉదయమున నార్తాంప్టన్ పట్టణము చెంత నీన్ నదిలో అతడు బాప్తిస్మము పొందెను.

నికొల్సు 1779లో మరణింపగా కేరీ హాకిల్టన్ గ్రామమున మరియొకని వద్ద పనికి కుదిరి, 1781లో డొరతీ ప్లాకెట్ అను కన్యను వివాహమాడెను. ఆమెకు చదువు రాదు. పెండ్లి పుస్తకములో సంతకమునకు మారుగా గుర్తు పెట్టెను. కాపురము కడుపేదది. మొదటి బిడ్డ జ్వరముతో చనిపోయెను. కేరీయు అదే జ్వరమున చాలకాలము తీసికొని బ్రతికెను గాని తలవెండ్రుకలన్నియు రాలిపోయెను. ఆ సమయమున అతని తమ్ముడు తాను కూడబెట్టుకొన్న కొద్ది సొమ్మును అన్నకు తెచ్చి యిచ్చెను.

1785లో కేరీ మౌల్టన్ గ్రామమునకు మారి చిన్న సంఘమునకు బోధకుడయ్యెను. సంఘమువారిచ్చు జీతము చాలక బడి పెట్టెను. బడియు చాలక మరల చెప్పులు కుట్టెను. ఎదుటిగోడకు అనేక కాగితములనతికించి, దానిపై చేతితో ప్రపంచపటమును గీసి, ఏ దేశమున జనమెంత, వారి మతమేది, వారి జీవనమెట్టిది యను వివరములను అందు వ్రాసికొనెను. కెప్టెన్ కుక్ సముద్రయాత్రల గ్రంథమును అతడు చదివియుండెను. ఒడిలో తోలు, ఎదుట ప్రపంచము. చేతులు కుట్టుచుండగా కన్నులు ఆ గోడమీదనే యుండెడివి. తాను కుట్టిన చెప్పులను సంచిలో వేసికొని మైళ్లకొలది నడిచి కెట్టరింగు పట్టణమున అప్పగించి, క్రొత్త తోలు తెచ్చుకొనుచుండెను. అచ్చటి వర్తకుడు థామస్ గాచ్ అతనికి చదువుమీది మక్కువను గుర్తించి, ఇక చెప్పులు కుట్టనక్కరలేదనియు, వారమునకు పది షిల్లింగులు తానిత్తుననియు, ఆ కాలమును చదువునకు వినియోగింపుమనియు చెప్పెను. తమ్ముని సొమ్మువలెనే ఇదియు వేళకు అందిన సహాయము. కేరీ జీవితమున ఇట్టి సామాన్యుల చేయూత తరచు కనబడును.

క్రైస్తవులు తమ సువార్తను దూరదేశములకు తీసికొనిపోవలయునని అతడు బోధకుల సభలలో వాదించుచుండెను. పెద్దలు కొందరు పెడచెవిని పెట్టిరి. 1792లో అతడు ఈ విషయమునే చిన్న గ్రంథముగా అచ్చువేసెను. ఆ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన కెట్టరింగులో ఒక వితంతువు ఇంటి వెనుకటి గదిలో కొందరు మిత్రులు కూడి బాప్టిస్టు మిషనరీ సంఘమును స్థాపించిరి. ఆనాడు వారు ఇత్తుమని వ్రాసిన చందా మొత్తము 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు.

కేరీ హిందూదేశమునకు బయలుదేరుటకు నిశ్చయించుకొనెను. డొరతీ రానని చెప్పెను. తన ఊరు దాటి ఎరుగని స్త్రీ, చిన్న బిడ్డలతో, మరల గర్భవతియై యుండగా ఐదుమాసముల సముద్రయాత్రకు జంకుటలో వింత యేమియు లేదు. పెద్ద కుమారుని మాత్రము వెంటబెట్టుకొని పోవుటకు కేరీ సిద్ధపడెను. ఓడప్రయాణమున ఆటంకము కలిగి ఆలస్యమైనందున ఈలోగా ఆమె ప్రసవించెను. భర్తయు, సహప్రయాణికుడైన వైద్యుడు జాన్ థామసును ఎంతో చెప్పగా, తన చెల్లెలు తోడు వచ్చిన పక్షమున వత్తునని ఆమె ఒప్పుకొనెను. 1793 జూన్ 13వ తేదీన ఒక డేనిషు ఓడలో అందరును బయలుదేరి నవంబరు 11వ తేదీన కలకత్తా చేరిరి.

ఆ దినములలో ఈస్టిండియా కంపెనీవారు తమ రాజ్యమున మతబోధకులుండుటకు సమ్మతించెడివారు కారు. తెచ్చిన ధనము త్వరలో కరిగిపోయెను. కేరీ భార్యాబిడ్డలతో కొంతకాలము సుందరవనముల అంచున అడవి నరికి ఇల్లు కట్టుకొన యత్నించెను. తరువాత 1794లో మాల్దా ప్రాంతమున మదనాబాటి యను చోట నీలిమందు కార్ఖానాకు నిర్వాహకుడుగా ఉద్యోగము దొరకెను. అచ్చట ఇంటివారందరును జ్వరముల పాలైరి. అయిదేండ్ల పీటరు మరణించెను. శవపేటిక చేయుటకును, మోయుటకును మనుష్యులు దొరకుట కష్టమయ్యెను.

ఆ దెబ్బనుండి డొరతీ కోలుకొనలేదు. ఆమె మనస్సు చలించెను. భర్తను అకారణముగా అనుమానించుచు, నిందించుచు, ఒక్కొక్కప్పుడు కొట్టబోవుచుండెను. ఆ కాలమున మనోవ్యాధికి సరియైన చికిత్స లేదు. ఆమెను గదిలో నుంచుటకంటె ఎవరికిని మార్గము తోచలేదు. ఆమె ప్రక్కగదిలో కేకలు వేయుచుండగా కేరీ బంగాళీ వ్యాకరణమును ముందు పెట్టుకొని కూర్చుండెడివాడు. ఇట్లు పండ్రెండేండ్లకు పైగా గడచెను. ఆమెను బలవంతము చేయక స్వదేశముననే విడిచివచ్చియుండిన మేలని కొందరందురు. తీసికొనివచ్చి తగినంత ఆదరింపలేదని మరికొందరందురు. కేరీ ఓర్పును పొగడునప్పుడు డొరతీ పడిన వేదనను మరచుట న్యాయము కాదు. అతడు వచ్చినది తన విశ్వాసముచేత. ఆమె వచ్చినది అతనికొరకు.

ఇంగ్లండునుండి మొదటి ఉత్తరములు చేరునప్పటికి అతడు ఈ దేశమునకు వచ్చి ఏడాదికి పైగా దాటెను. కార్ఖానా పనివారికి బోధించెను, బడి పెట్టెను, ఊరూర తిరిగెను. ఆరేండ్లు గడచినను ఆ ప్రాంతమువారు ఒక్కరును బాప్తిస్మము పొందలేదు. ఉదయమున ప్రార్థన చేసికొనుట, తోటలో మొక్కలకు నీరుపెట్టుట, పండితునితో కూర్చుండి కొన్ని వచనములను బంగాళీ భాషలోనికి మార్చుట మాత్రము అతడు మానలేదు. మనస్సు క్రుంగిన దినములు అతని దినచర్యపుస్తకమున ఎన్నియో కలవు. మరునాడు యథాప్రకారముగా పని కనబడును.

1800 జనవరి 10వ తేదీన అతడు కలకత్తాకు ఎగువను హుగ్లీనది ఒడ్డున నున్న శ్రీరాంపురమును చేరెను. అది అప్పటికి డెన్మార్కు రాజు ఏలుబడిలో ఉండెను గనుక కంపెనీవారి అడ్డు లేకుండెను. విలియం వార్డు అను ముద్రాపకుడును, జాషువా మార్ష్‌మన్ అను ఉపాధ్యాయుడును, అతని భార్య హన్నాయు ఇంగ్లండునుండి అంతకు పూర్వమే అచ్చటికి వచ్చియుండిరి. అందరును ఒకేచోట భుజించుచు, ఎవరి సంపాదన యైనను ఒకే పెట్టెలో వేయునట్లు కట్టడి చేసికొనిరి. హన్నా కేరీ బిడ్డలను తన బిడ్డలతోపాటు పెంచెను. తల్లి ఉండియు లేనట్టి ఆ పిల్లలకు ఆమెయే దిక్కయ్యెను.

ఆ సంవత్సరాంతమున కృష్ణపాలుడను వడ్రంగి చేయి కీలు తప్పి వైద్యుడు థామసు వద్దకు వచ్చెను. థామసు కీలు సరిచేసి మంచిమాటలు చెప్పెను. కృష్ణపాలుడు ఆ మాటలను మరచిపోలేదు. డిసెంబరు 28వ తేదీన కేరీ తన కుమారుడు ఫెలిక్సునకును, ఆ వడ్రంగికిని హుగ్లీనదిలో బాప్తిస్మమిచ్చెను. ఏడేండ్ల నిరీక్షణ ఫలించిన ఆ దినమునను డొరతీ గదిలోనే యుండెను.

1801లో బంగాళీ క్రొత్త నిబంధన అచ్చుపడెను. అక్షరములను పోతపోయుటలో దిట్టయైన పంచానన కర్మకారుడు శ్రీరాంపురమునకు చేరుటచేత అక్కడి ముద్రణాలయము ఒక్కొక్క భాషకు అచ్చు అక్షరములను తయారుచేయసాగెను. అదే సంవత్సరము కలకత్తాలో ఫోర్టు విలియం కళాశాలలో బంగాళీ బోధించుటకు కేరీని నియమించిరి. తరువాత సంస్కృతము, మరాఠీ భాషలను గూడ అతడు బోధించెను. నెలకు 500 రూపాయలతో మొదలైన జీతము క్రమముగా 1000 రూపాయలయ్యెను. తన ఖర్చులకు కొద్దిగా నుంచుకొని తక్కినదంతయు ఉమ్మడి పెట్టెలో వేసెడివాడు.

ఒకనాటి విందులో ఒక సేనాధికారి, కేరీ పూర్వము పాదరక్షలు తయారుచేయు పనివాడు కాడా యని ప్రక్కవానిని వినబడునట్లు అడిగెను. కేరీ తానే బదులు చెప్పెను. పాదరక్షలు తయారుచేయుట కూడ కాదనియు, పాతవానిని బాగుచేయుట మాత్రమేననియు అతని సమాధానము.

1806లో తన మిత్రునికి వ్రాసిన ఒక ఉత్తరమున కేరీ కలకత్తాలో తాను గడపిన ఒక దినమును వివరించెను. ఆరు గంటలు కొట్టకమునుపే లేచి హీబ్రూ బైబిలులో ఒక అధ్యాయము చదివి ఏడువరకు ప్రార్థించెను. తరువాత పనివారితో కూడి బంగాళీలో ప్రార్థన. తేనీరు సిద్ధమగులోపల మున్షీతో కొంత పారసీకము, ఉపాహారమునకు ముందు కొంత హిందూస్తానీ. ఆవెంటనే పండితునితో కూర్చుండి సంస్కృత రామాయణమును ఇంగ్లీషులోనికి అనువదించెను. పదిగంటలకు కళాశాల. మధ్యాహ్నము ఇంటికి వచ్చి యిర్మీయా గ్రంథపు బంగాళీ అచ్చుప్రతులను దిద్దెను. భోజనానంతరము మత్తయి సువార్తను సంస్కృతములోనికి మార్చుట. సాయంకాలము ఆరు గంటలకు ఒక తెలుగు పండితుడు వచ్చెను. అతనివద్ద కూర్చుండి తెలుగు నేర్చుకొనెను! రాత్రి ఒక ప్రసంగము చేసి, అది ముగియగానే మరల బంగాళీ అనువాదమునకు కూర్చుండి, పదునొకండు గంటల వరకు పనిచేసి, ఉత్తరము వ్రాసి, గ్రీకు క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయము చదివి పరుండెను. అతనికి ప్రార్థన వేరు, పని వేరు అని తోచలేదు.

డొరతీ 1807 డిసెంబరులో మరణించెను. మరుసటి సంవత్సరము కేరీ షార్లట్ రూమోర్ అను డేనిషు విదుషిని వివాహమాడెను. ఆమె శరీరము దుర్బలమైనది. కాని భాషలు తెలిసినది. అనువాదములను మూలముతో పోల్చి చూచుచు 1821లో మరణించువరకు భర్తకు తోడైయుండెను.

తెలుగుదేశమునకు శ్రీరాంపురముతో సంబంధము కలిగినది ఈ కాలముననే. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అను లండన్ మిషనరీలు ఆనందరాయరు అను పండితుని సాయముతో సువార్తలను తెనిగింప మొదలిడిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించిరి. వారు ముగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. కేరీయు తెలుగు వ్యాకరణమొకటి ఇంగ్లీషున వ్రాయుచుండెను.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలము ముద్రణాలయమున నిప్పంటుకొనెను. కేరీ ఆ దినమున కలకత్తాలో నుండెను. వార్డును, మార్ష్‌మనును కిటికీలు, తలుపులు మూయించి గాలి రానీయక కొన్ని గంటలపాటు పోరాడిరి. ఎవరో తెలియక ఒక కిటికీని తెరచిరి. గాలి తగిలి మంటలు పైకప్పునంటెను. అర్ధరాత్రికి గోడలు మిగిలెను. మరునాడు మార్ష్‌మన్ కలకత్తాకు పోయి కేరీకి సంగతి తెలిపెను. కేరీ చాలసేపు మాటాడలేకపోయెను.

దగ్ధమైనది కాగితము మాత్రమే యైన అంత దుఃఖము లేకపోవును. తెలుగు అక్షరములతోపాటు అనేక భాషల అచ్చు అక్షరములు కరిగి ముద్దలైనవి. ఎన్నో యేండ్లుగా కేరీ కూర్చుచున్న బహుభాషానిఘంటువు పోయెను. అనువాదముల వ్రాతప్రతులు పోయినవి. తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు బూడిదయ్యెను. నష్టము ఇంచుమించు పదివేల పౌనులని లెక్కకట్టిరి. మగ్గపు గుంటలో తండ్రి ఆడిన నాడెవలె తాను అటునిటు నడిపిన పదునెనిమిదేండ్ల పని యందు చాలభాగము ఒక్క రాత్రిలో తెగిపోయెను.

ఆ సాయంకాలము కేరీ శ్రీరాంపురమునకు తిరిగివచ్చి పొగలు చిమ్ముచున్న శిథిలములలో నడచెను. కండ్లనీరు పెట్టుకొనెను. ఈలోగా వార్డు బూడిదను త్రవ్వించుచుండగా అక్షరములు పోతపోయుటకు ఆధారమైన ఉక్కు ముద్రలు చెడక దొరకెను. ముద్రణయంత్రములు వేరుచోట నుండుటచే చెక్కుచెదరలేదు. కరిగిన లోహమును ఏరి తెచ్చి, ఆ ముద్రలతోనే మరల అక్షరములను పోతపోయుటకు పనివారు వెంటనే పూనుకొనిరి. రేయింబవళ్లు వంతులవారీగా పనిజరిగెను. కొన్ని మాసములలోనే పలుభాషల ముద్రణము తిరిగి సాగెను. ఒకసారి నడచిన దారిని రెండవసారి నడచుట సులభమని ఎంచి కేరీ పోయిన గ్రంథములను మొదటినుండి వ్రాయ నారంభించెను. ఇంగ్లండులో వార్త తెలియగానే ధనికులును, కూలివారును ఇచ్చిన చందాలచే రెండుమాసములు గడచునప్పటికే నష్టమంతయు పూడెను.

1814లో కేరీ తెలుగు వ్యాకరణము అచ్చై వెలువడెను. బ్రౌను దొర వ్యాకరణమునకు ఇది ఇరువదియారేండ్లు ముందుది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపురమున ముద్రితమయ్యెను. ఆనాడు అచ్చట నలువదికి దగ్గరగా నున్న భాషలలో బైబిలు భాగములు వెలువడినవి. వానిలో అన్నియు చక్కనివి కావు. కేరీ స్వయముగా బాగుగా ఎరుగని భాషలును అందు కలవు. తరువాతివారు చాలవానిని తిరుగ వ్రాయవలసివచ్చెను. పండితులు లేనిదే ఆ పనిలో ఏదియు జరిగియుండదు. మృత్యుంజయ విద్యాలంకారుడు మొదలగువారు అతనికి గురువులు. తన యందు గొప్పతనమేదియు లేదనియు, విసుగక ఒక్కొక్క అడుగు వేయుట మాత్రము తనకు చేతనగుననియు వృద్ధాప్యమున కేరీయే తన తమ్ముని కుమారునితో చెప్పెను.

అతనికి ధైర్యమిచ్చినవారిలో ఒకరిని ఇచ్చట చెప్పవలయును. ఇంగ్లండులో అతని చెల్లెలు మేరీ యౌవనముననే పక్షవాతముచే మంచము పట్టి దశాబ్దముల కొలది లేవలేకపోయెను. చాలకాలము ఆమెకు కుడిచేయి ఒక్కటియే స్వాధీనములో నుండెను. ఆ చేతితోనే ఆమె అన్నకు దీర్ఘమైన ఉత్తరములు వ్రాయుచు, అతనికొరకు ప్రతిదినము ప్రార్థించుచుండెను. కేరీ తన కష్టములను ఆమెకు దాచక వ్రాసెడివాడు. ఒక్కొక్క ఉత్తరము చేరుటకు అయిదారు మాసములు పట్టెడిది.

చిన్ననాటి మొక్కల ప్రేమ అతనిని విడువలేదు. శ్రీరాంపురమున అయిదెకరముల తోట వేసెను. కోరమండలతీరమున సామర్లకోటలో తోటలు పెంచి మన వృక్షములను పరిశోధించిన రాక్స్‌బరో వైద్యుడు తరువాత కలకత్తా వనమునకు అధిపతియై కేరీకి మిత్రుడయ్యెను. ఒక వృక్షజాతికి కేరియా యని పేరుపెట్టెను. ఆయన మరణానంతరము ఆయన గ్రంథమును కేరీ అచ్చువేయించెను. 1820లో వ్యవసాయదారుల మేలుకొరకు ఒక తోటల, వ్యవసాయముల సంఘమును స్థాపించెను. ఒకమారు ఇంగ్లండునుండి వచ్చిన విత్తనముల సంచిని ఖాళీచేసి, అడుగున మిగిలిన మట్టిని తోటలో ఒక మూల దులిపెను. కొన్నాళ్లకు ఆ మట్టినుండి ఒక చిన్న పువ్వు లేచెను. అది అతని ఊరి పచ్చికబయళ్లలో విరివిగా పూచు డెయిజీ పువ్వు. ముప్పదియేండ్లకు సమీపముగా అతడు దానిని చూచియుండలేదు. బిడ్డవలె సంతోషించి, దాని విత్తనములను జాగ్రత్త చేసి ఏటేట పెంచుకొనెను.

1818లో కేరీయు, మిత్రులును శ్రీరాంపురమున కళాశాలను స్థాపించిరి. సకలమతముల విద్యార్థులకు అందు ప్రవేశము కలదు. అది నేటికిని నడచుచున్నది.

1799లో హుగ్లీ తీరమున ఒక స్త్రీ భర్త చితిలో దగ్ధమగుట కేరీ కన్నులార చూచి, ఆపలేక తిరిగివచ్చెను. నాటినుండి ఆ ఆచారమును మాన్పింపవలయునని అధికారులకు విజ్ఞప్తులు చేయుచుండెను. రాజా రామమోహనరాయలు మొదలగువారు దానికై గట్టిగా పోరాడిరి. 1829 డిసెంబరు 4వ తేదీన బెంటింకు ప్రభువు సహగమనమును నిషేధించెను. ఆ శాసనమును బంగాళీలోనికి మార్చుటకు కేరీ వద్దకు పంపిరి. అది చేరినది ఆదివారము ఉదయమున. కేరీ దేవాలయమున ప్రసంగింపవలసియుండెను. ఒక్క గంట ఆలస్యమైనను ఒక స్త్రీ ప్రాణము పోవచ్చునని తలంచి, ప్రసంగమును మరియొకరికి అప్పగించి, పండితుని పిలిపించుకొని బల్లముందు కూర్చుండెను. సాయంకాలమునకు అనువాదము ముగిసెను.

చివరి యేండ్లలో కష్టములు మరల వచ్చినవి. 1823లో దామోదర నది గట్లు తెగి వరద వచ్చి తోటను పాడుచేసెను. అదే యేట కేరీ జారిపడి తుంటికి గాయమై చాలకాలము మంచము పట్టెను. కలకత్తాలో వ్యాపారసంస్థలు దివాలా తీయుటచే మిషను సొమ్ము పోయెను. అతడు తోటను మరల వేసెను. బంగాళీ బైబిలును మరియొకమారు మొదటినుండి తుదివరకు దిద్దెను. నడువలేని స్థితి వచ్చినపుడు చక్రముల కుర్చీలో తోటలోనికి తీసికొనిపోయెడివారు.

1834 జూన్ 9వ తేదీ ఉదయమున విలియం కేరీ కన్నుమూసెను. నలువదియొక్క యేండ్లలో ఒక్కసారియైన స్వదేశమునకు తిరిగిపోలేదు. మరునాడు డేనిషు కోటపై జెండా సగమునకు దించబడెను. దారికి ఇరుప్రక్కల పేదజనము నిలిచియుండిరి. అతని కోరిక ప్రకారము షార్లట్ సమాధి చెంత పాతిపెట్టిరి. సమాధిరాతిపై తన పేరును, పుట్టిన గిట్టిన తేదీలను, తానెన్నుకొన్న రెండు పాదములను తప్ప మరేమియు చెక్కరాదని అతడు మరణశాసనమున వ్రాసియుండెను. అట్లే చేసిరి.